నాచారం బంగారం

నాచారం,
4 అక్టోబర్ 2025

పరంధామయ్య బావకు ఉమాపతి నమస్తే. ముందుగాల నమస్తే పెట్టకపోతే పంతుళ్లు మార్కులు కోస్తరని పెడుతున్న, మర్యాద ఎక్కువై కాదు.

ఉత్తరం ఎందుకు రాస్తున్నడీ ముసలోడు అని అనుకోకు. మొన్న నీతోని ఫోన్ల మాట్లాడితే మా గల్లీ మొత్తం వచ్చి దర్వాజ ముందల నిలవడ్డది, ఎవరు సచ్చిపోయిన్రని. నేను గంత మొత్తుకున్నా నీ దిక్కు నుంచి "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకో ముక్క రాలె. నీ ఎడమ చెవు పూరాగ పోయె, కుడి చెవు నీతోపాటే రిటైరాయె. వాట్సాప్ అంటే నీకు అంటు. ఇగ మిగిలింది పోస్టుడబ్బ. నేను సదివింది ఐదో తరగతి, అది గూడ పరీక్ష నాడు బర్రెల ఎంబడి పోయిన. తప్పులుంటే ఎర్ర పెన్నుతోని దిద్దుకో. నీ చెయ్యికి దురద తీరుతది.

మా మనుమరాలు సిరికి, మీ మనుమడు ధీరజ్‌కు కార్తీకంల పూలు పండ్లు మార్చుకుందమని అనుకున్నం గద. ఆ పని మీదనే ఉన్న. నా కొడుకు నరేందర్‌కు మౌలాలిల రైల్వే డ్యూటీలతోనే సరిపాయె, పెండ్లి పెద్దను నేనే. జర ఫికర్ జెయ్యకు.

ఇగో, ఈ పోరగాండ్ల ఆఫీసు ముచ్చట విను. కాదు, సదువు. ఉప్పల్ల ఇద్దరిది ఒకటే ఆఫీసు గద, అండ్ల నీరజ అని ఒక మేడం ఉన్నది. ఆమె పని ఏందంటే మనుషుల్ని కలుపుడు. జీతం తీసుకొని కలుపుతది. పోయిన నెల కల్చర్ డే అని పెట్టి రాష్ట్రానికొక టేబులు వేసింది. సిరి సకినాలు పట్కపోయింది, మీవాడు పూతరేకులు పట్కపోయిండు. ఇద్దరికీ ఒకటే టేబులు, మీద 'సౌత్' అని బోర్డు. పక్కన తమిళ పిలగాడు ఇడ్లీలు పెట్టుకొని ఏడుపు మొఖం. "మీరంతా ఒకటే గద" అన్నదట మేడం. మేడం, మీది ఢిల్లీనా అని సిరి అడిగితే, "ఢిల్లీ కాదు, దాని పక్కది, రెండిటికీ మస్తు తేడా ఉంది" అని మొఖం మాడ్చుకున్నదట! సూడు మరి. ఆమె ఊరికి తేడా ఉంటది, మన రాష్ట్రాలకు ఉండదు. తర్వాత ఎవరింటి ఆచారం వాళ్లు లేచి చెప్పాలన్నదట. సిరి మా దసర గురించి చెప్తే అందరు చప్పట్లు కొట్టిన్రట. సకినాలు మాత్రం ఎవ్వడు కొరకలె. పండ్లు ఊడుతయని భయం. తెలివి తక్కువోళ్లు, సకినం కొరికేది గాదు, నోట్ల నానబెట్టేది.

ఈ ఏడు దసర, గాంధీ జయంతి ఒక్కనాడే పడ్డయి. ముక్క లేదు, సుక్క లేదు. ముక్క ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌ల దాచినం. సర్కారు అమ్మొద్దన్నది గని తినొద్దనలె. ధీరజ్‌కు ఒక్కరోజే సెలవు, మీ రేపల్లె రాలేడని మా ఇంటికే పిలిచిన. పొద్దుమీకి జమ్మి కాడికి పోయొచ్చినంక వాని చేతుల బంగారం పెట్టిన. పోరడు ముందు బిత్తరపోయిండు. తర్వాత కండ్లకద్దుకొని పర్సుల పెట్టుకున్నడు. గట్టిగ కావలించుకొని అలయ్ బలయ్ తీసుకున్నం. ఇగ వాడు మావోడే, నువ్వు అడిగినా ఇయ్య.

కామాక్షి అక్కకు చెప్పు, ఆమె పంపిన గోంగూర మంచిగుంది. నీ చేతిరాత లెక్క పుల్లగ ఉంది.

ఇట్లు, నీ తెలుగు తోటకు దిష్టిబొమ్మ,
ఉమాపతి

*

రేపల్లె,
11 అక్టోబర్ 2025

శ్రీ ఉమాపతి గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం చేరింది. నేను చదివితే అర్థం కాలేదు. మా ఆవిడ కామాక్షి చేత పైకి చదివించుకుంటే కొంత అర్థమైంది. ఆమెకు వ్యాకరణం రాదు కాబట్టి ఇబ్బంది పడలేదు.

'వచ్చాడు' అనే సలక్షణమైన క్రియ ఉండగా 'వచ్చిండు' అని దానికి ముక్కు జలుబు తెప్పించడం ఎందుకో నాకు ఎప్పటికీ బోధపడదు. నా తరగతిలో ఎవడైనా 'పోయిన్రు' అని రాస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి. ఇప్పుడు అదే భాషలో నాకు వియ్యం వచ్చింది. పూర్వజన్మలో ఏ పిల్లవాడినో అన్యాయంగా కొట్టి ఉంటాను.

మహాత్ముడి జయంతినాడు మాంసం ఫ్రిజ్‌లో దాచుకుని తిన్నామని రాసి, సంతకం పెట్టి, పోస్టు చేసినవారిని ఇదే చూడడం. దొంగలు కూడా ఇంత లిఖితపూర్వకంగా ఒప్పుకోరు.

ఇక అసలు విషయం. మా ధీరజ్ చేతిలో బంగారం పెట్టానని రాశారు. మాతో మాట మాత్రంగానైనా అనకుండా! నిశ్చితార్థం కాకముందే పెళ్లికొడుకు చేతిలో బంగారం పెట్టడం మీ వైపు మర్యాదేమో. మా వైపు దాన్ని కొనుక్కోవడం అంటారు. మేము అమ్మకానికి పెట్టలేదు. ఎన్ని కాసులని నేను అడగను. కామాక్షి అడగమంది, ఆమె అడిగిందని రాస్తున్నాను, అంతే.

అంతకంటే బాధ కలిగించింది మావాడి ప్రవర్తన. ఫోను చేశాను. కుడి చెవి పెట్టి జాగ్రత్తగా విన్నాను. "ఆయన బంగారం పెట్టారటగా?" అంటే నవ్వాడు. "ఏదది?" అంటే, "అది నాకు తాతయ్యా! నాకు! నాకు!" అని కేకలు పెట్టాడు. చిన్నప్పుడు బొబ్బట్టు చేతికిస్తే సగం తుంచి చెల్లెలికి ఇచ్చి గాని తినని పిల్లవాడు. ఉప్పల్‌లో ఏం నీళ్లు తాగుతున్నాడో తెలియదు. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పక్కింటి వాళ్ల ఫోనుకు ఏదో పంపాడట. మాతృభాషకు ప్యాంటు తొడిగిన ఆ రాతను నేను చదవనని చెప్పేశాను.

మీరు పెట్టినదేమిటో, ఎందుకు పెట్టారో స్పష్టంగా, వీలైతే తెలుగులో, తెలియజేయండి. మీ ఉత్తరంలో తప్పులు దిద్ది దీనితో జతపరుస్తున్నాను. నూటికి పదకొండు.

భవదీయుడు,
పరంధామయ్య

*

నాచారం,
17 అక్టోబర్ 2025

పదకొండు మార్కులేసిన ధర్మప్రభువు బావకు,

ఐదో తరగతిల నాకు గిన్ని మార్కులు ఎన్నడు రాలె. ఫ్రేం కట్టిపిచ్చి టీవీ మీద పెట్టిన.

నీ బంగారం ముచ్చట సదివి నేను నవ్విన నవ్వుకు కట్టుడు పండ్లు ఊడి చాయ్‌ల పడ్డయి. "ఏమైంది తాతా?" అని సిరి ఉరికొచ్చింది. ఏం లేదు బిడ్డా, రేపల్లె పంతులు పాఠం చెప్తున్నడన్న.

స్పష్టంగ రాయమన్నవు గద, రాస్తున్న. ఒక్క ముక్క అబద్ధం ఉంటే నా కండ్లు పోనీ. మా దిక్కు దసరనాడు అందరు అందరికీ బంగారం పెడతరు. మా చెత్తబండి కొమురెల్లి నాకు పెట్టిండు, నేను వానికి పెట్టిన. కిరాణం షాపు మురళీధర్ నాలుగేండ్ల సంది నా మొఖం సూడడు, వాడు గూడ వచ్చి పెట్టిండు. పెట్టి, ఎనుకకు తిరిగి, మళ్ల మాట బంద్ చేసిండు. నా ఇనుప బీరువల ఏండ్ల సంది కుప్పలు పడ్డది బంగారం. మా బంగారం చెట్టుకు కాస్తది బావా! తెంపుకొచ్చుడే. కాసుల లెక్క ఉండదు. ఎండితే నలుగుతది, నలిగితే పొడైతది. మేక కనవడితే దాచిపెట్టాలె, తినిపోతది. కామాక్షి అక్కకు గిదంత సదివి చెప్పు, సంతోషపడతది.

ఇప్పుడు నువ్వే చెప్పు, ఏంది అది? పంతులువు గద, విప్పు పొడుపు కథ. విప్పితే నూటికి నూరు వేస్త.

ఇగ మా వచ్చిండు మీద నీకు గంత మంట ఎందుకు? వచ్చిండు అన్నా వచ్చినోడే, వచ్చాడు అన్నా వచ్చినోడే. మా ఉప్పల్‌కు, బోడుప్పల్‌కు వచ్చాడులు మస్తుగ వచ్చిన్రు. ప్లాట్లు కొన్నరు, ఇండ్లు కట్టిన్రు, గేటు మీద సింహాలు పెట్టిన్రు. వచ్చినోళ్లందరికి చాయ్ పోసింది మాత్రం వచ్చిండులే. అయినా మా చాయ్ తాగుకుంట మా మాట చూసి నవ్వుతరు. నవ్వనీ. చాయ్ నోట్లకెళ్లి కారుతది, మాకేం?

పాపం ధీరజ్ మీద మాత్రం గరం గాకు. వాడు మంచోడు. నీ రక్తమని చెప్తే ఎవ్వడు నమ్మడు.

నీ పదకొండు మార్కుల విద్యార్థి,
ఉమాపతి

*

రేపల్లె,
25 అక్టోబర్ 2025

శ్రీ ఉమాపతి గారికి,

క్షేమసమాచారాలు అనవసరం.

చెత్తబండి నడిపే మనిషి మీకు బంగారం పెట్టాడు. మీతో మాటలు లేని దుకాణదారు బంగారం పెట్టాడు. మేకలు బంగారం తింటాయి. నేను మర్యాదగా ఒక ప్రశ్న అడిగితే మీరు నన్ను నలుగురిలో నిలబెట్టి నవ్వారు. వయసు మళ్లినవాణ్ణి, చెవులు లేనివాణ్ణి, ఎంతైనా పరాయి ప్రాంతంవాణ్ణి. నవ్వుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

మీ ఉత్తరం పట్టుకుని మావాడికి మళ్లీ ఫోను చేశాను. మళ్లీ అదే పాట, "అది నాకు, నాకు". సరే, తీసుకున్నది మీ చేతికి తిరిగి ఇచ్చేసి రమ్మన్నాను. ఇవ్వనన్నాడు. అది మాత్రం స్పష్టంగా వినిపించింది. జీవితంలో మొదటిసారి వాడు నా మాట కాదన్నాడు, అదీ బంగారం కోసం!

అందుచేత నా నిర్ణయం వినండి. ధీరజ్ ఇకమీదట మీ గుమ్మం తొక్కడు. ఆశపోతుని మీ పిల్లకు కట్టబెట్టే పాపం నాకు వద్దు. పెద్దల్ని ఎగతాళి చేసే ఇంటి పిల్లను తెచ్చుకునే ఖర్మ మాకూ వద్దు. కార్తీకంలో అనుకున్న నిశ్చితార్థం ఆగిపోయింది. ముహూర్తం రాసిన కాగితం చింపేశాను. మా అబ్బాయీ కోడలూ నా మాట దాటరు. కామాక్షి రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడినా నాకు వినపడదు కనుక పెద్ద తేడా లేదు.

భాష వేరైనా మనసులు కలుస్తాయని మా కోడలు అంటే నమ్మాను. భాష వేరైతే మనసు కూడా వేరేనని ఇప్పుడు తెలిసింది.

ఈసారి మార్కులు లేవు.

పరంధామయ్య

*

నాచారం,
31 అక్టోబర్ 2025

బావా,

నీ ఉత్తరం సిరి సదివింది. నేను వద్దన్నా గుంజుకొని సదివింది. అప్పటిసంది అన్నం పెడుతది గని మాట్లాడదు. గిన్నె కింద పెట్టే చప్పుడుతోని తిడతది. నిన్న పప్పుల ఉప్పు వెయ్యలె. నేను గూడ అడగలె.

ధీరజ్ ఆదివారం రాలె. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ మెట్రో కింద నిలవడి సిరితోని మాట్లాడి పోయిండట. తాత గడప తొక్కొద్దన్నడు, తొక్కనన్నడట. నీ అసొంటి మొండోని ఇంట్ల అసొంటి మనుమడు ఎట్ల పుట్టిండు? ఆఫీసుల ఇద్దరు మొఖాలు వేలాడేసుకొని కూసుంటే నీరజ మేడం పిలిచి, "మీది కల్చర్ ప్రాబ్లమా?" అని తలుపేసి ఇంగ్లీషుల పాఠం చెప్పిందట. లాస్టుకు ఇద్దరికీ చెరొక సర్టిఫికెట్ ఇచ్చిందట, ఒకళ్లనొకళ్లు అర్థం చేసుకున్నరని. సిరి దాన్ని తెచ్చి నా మంచం మీద ఇసిరేసింది. ఈ దేశంల కాయిదం ఉంటే సాలు బావా, అన్నీ అర్థమైనట్టే.

ఇగ నీ సంగతి. కవరును మెల్లగ అరచెయ్యిల దులుపుకో. పడ్డది గద? అదే బంగారం. జమ్మి ఆకు! దసరనాడు జమ్మికి మొక్కి, ఆకు తెంపుకొచ్చి, ఒకళ్ల చేతుల ఒకళ్లం పెట్టుకొని గుండెకు అద్దుకుంటం. దాని పేరే బంగారం. ఆ ఒక్కనాడు పగోడు పెట్టినా తీసుకోవాలె, వద్దనే హక్కు లేదు. చిన్నోడు పెద్దోనికి ముందు పెట్టాలె అసలు. మీవానికి తెల్వదు గనక నేనే ముందు పెట్టిన.

పోరడు నీకు ఫోన్ల చెప్పింది ఏందో ఎర్కనా? "అది ఆకు తాతయ్యా, ఆకు, ఆకు!" అని. నువ్వు దానికి ఒక 'న' తగిలించి 'నాకు' చేసినవు. ఒక్క అక్షరం కోసం లగ్గం చెడగొట్టినవు. నా ఉత్తరం మీద ఎర్ర గీతలు గీసినవు గద, నీ చెవుల పడ్డ తప్పు ఎవరు దిద్దాలె?

ఆ కల్చర్ డే నాడు సిరి చెప్పిన దసర ముచ్చట గిదే. పంజాబ్ పిలగానికి సమజైంది. మలయాళం పోరికి సమజైంది. నీరజ మేడంకు, ఆమెకు గూడ సమజైంది. తెలుగు పంతులుకు మాత్రం సమజ్ గాలె. పాండవులు జమ్మి చెట్టు మీద కత్తులు దాచిన కథ నువ్వు ఎందరు పిల్లల వీపులు వాయగొట్టి నేర్పినవో! ఆ చెట్టు నీకు పుస్తకంల ఉన్నది. మాకు చేతుల ఉన్నది. గంతే తేడా.

ముందే చెప్తే అయిపోతుండె గద అంటవు. అయిపోతుండె. నువ్వు వచ్చిండుకు ముక్కు జలుబు అన్నవు, నాకు మండింది, జర ఆడిచ్చిన. ఆట ఇంత దూరం పోతదని నాకేం ఎర్క? నన్ను తిట్టు, మంచిగ ఛందస్సుల పెట్టి తిట్టు, పడత. పోరన్ని మాత్రం ఆశపోతు అనకు. తిరిగి ఇయ్యనన్నడు గద, ఎందుకో నీకు వినవడలె. పెద్దమనిషి చేతుల పెట్టింది తిరిగి ఇయ్యొద్దని సిరి చెప్పిందట. వాని పర్సుల, ఆఫీసు కార్డు ఎనుక, ఇంక ఉన్నదట ఆ ఆకు. ముక్కలైంది గని ఉన్నది.

సిరి వెనకకెళ్లి తొంగిచూస్తున్నది. ఏం రాస్తున్ననో అని. చాలు బావా.

ఉమాపతి

*

రేపల్లె,
8 నవంబర్ 2025

బావగారికి,

మీ కవరు నాకంటే ముందు కామాక్షి విప్పింది. అందులోంచి రాలిన పచ్చటి పొడిని చూసి కసూరీ మేథీ అనుకుని బంగాళదుంపల కూరలో వేసింది. ఉత్తరం నా చేతికి వచ్చేసరికి మీ బంగారం సగం మా కడుపుల్లో ఉంది. రుచి ఏమీ లేదు. మీ వైపు పదార్థాల నుంచి నేను ఆశించలేదు కూడా.

శమీవృక్షం గురించి నాకు పాఠం చెప్పనక్కరలేదు. ఆకును ఆకు అనకుండా బంగారం అని, ఆపైన దాన్ని ఉత్తరంలో రాసి, చదివినవాడిదే తప్పనే జాతితో వాదించే ఓపిక నాకు లేదు. అయితే ఒక మాట. 'ఆకు'ను 'నాకు'గా విన్నది నా చెవే. దాన్ని నమ్మింది మాత్రం చెవి కాదు. హైదరాబాదు వెళ్లినవాడు పాడైపోతాడని నేను ముందే అనుకుని కూర్చున్నాను. చెవి దానికి వంతపాడింది, అంతే.

ధీరజ్‌కు ఫోను చేశాను. వాడేమన్నాడో వినపడలేదు, నేనే మాట్లాడాను. ఆ ఆకు ఎవరికీ ఇవ్వక్కరలేదన్నాను. ఆదివారం మీ ఇంటికి భోజనానికి వెళ్లమన్నాను. ఫోను కామాక్షి చేతికిచ్చాను. వెళ్తానన్నాడని ఆమె చెప్పింది.

చింపిన ముహూర్తం కాగితాన్ని ఆమే అన్నం మెతుకుతో అంటించింది. ముందు అనుకున్నట్టే నవంబర్ పదహారు, ఆదివారం, అందరం నాచారం వస్తున్నాం. కార్తీకమాసం. మీ ఫ్రిజ్ తలుపు వేసి ఉంచండి.

మీ ఆచారం ప్రకారం బంగారం తీసుకున్నవారు తిరిగి పెట్టాలి కదా. తిన్నవారు మరీ పెట్టాలి. మా గుడి దగ్గరి జమ్మిని మండపం కోసం కొట్టేశారు. అందుకని కర్ర పట్టుకుని నేనే స్వయంగా పంటకాలువ గట్టుకు వెళ్లి, చెట్టును గుర్తుపట్టి, లేత కొమ్మ కోసి ఇందులో పెట్టాను. నాకు చెట్లు పుస్తకంలోనే తెలుసనుకునేవారికి ఇది సమాధానం. దసరా వెళ్లిపోయిందని అనకండి, పోస్టులో ఆలస్యమైందనుకోండి.

గత ఉత్తరానికి మార్కులు వేస్తున్నాను. నూటికి ముప్పై నాలుగు. ముప్పై అయిదుకు పాసు.

మీ బావ,
పరంధామయ్య

*

నాచారం,
13 నవంబర్ 2025

ఒక్క మార్కుకు నన్ను ఫెయిల్ చేసిన బావకు,

ఇది నీకు అందేలోపల నువ్వే మా ఇంట్ల కూసుంటవు. అయినా రాస్తున్న. ఎదురుంగ చెప్తే నీకు వినవడదు, గట్టిగ చెప్తే గల్లీ మొత్తానికి వినవడతది. ఈ ముచ్చట గల్లీకి తెల్వొద్దు.

సిరి మాట్లాడుతున్నది. పప్పుల ఉప్పు వేసింది, కోపం తీరినట్టుంది, రెండుసార్లు వేసింది. ధీరజ్ ఆదివారం వచ్చి మూడు సకినాలు తిన్నడు. నోట్ల నానబెట్టి తినుడు నేర్చుకున్నడు. పోయేటప్పుడు గడప కాడ, "పోయొస్త తాతా" అన్నడు. "వెళ్లొస్తాను" అనలె. నీ ముందల అట్ల అంటే గోడకుర్చీ వేయిపియ్యకు, మెల్లగ మారుతడు. లేకపోతే సిరి మారుతది, మొన్న చాయ్ ఇచ్చుకుంట "తాగండి" అన్నది నాతోని. ఎవరింట్ల ఉన్ననో అర్థంగాలె.

ఇగ నీ బంగారం. కవర్ల చెయ్యి పెట్టిన, బొటనవేలుకు ముల్లు దిగింది. నెత్తురొచ్చింది. బావా, అది జమ్మి గాదు. సర్కారు తుమ్మ. ఆకు జర అట్లనే ఉంటది, అందుకే పంతుళ్లు మోసపోతరు. మా దిక్కు మేకలు రాకుండ దాంతోని కంప పెడతరు. కొమురెల్లి చెత్తబండి తెచ్చినప్పుడు చూసి, "తాతా, ఈ కంప ఏంది, బండిల వెయ్యనా?" అని చెయ్యి పెట్టబోయిండు. ఆ చెయ్యి మీద ఒక్కటి కొట్టిన. మా బావ పెట్టిన బంగారంరా, అన్న. వాడు నన్ను చూసిండు, కొమ్మను చూసిండు, బండి తోలుకొని పోయిండు.

ముండ్లు గిల్లేసి ఆకును బీరువల పెట్టిన. కొమురెల్లి పెట్టింది, మురళీధర్ పెట్టింది, వాటి మధ్యల. దినాం తీసి చూస్తున్న.

ఆదివారం వచ్చినప్పుడు మాత్రం కాలువ గట్టు ముచ్చట ఎవ్వరి ముందల తియ్యకు. ఉమాపతి వియ్యంకునికి జమ్మికీ తుమ్మకూ తేడా తెల్వదని నాచారంల తెలిస్తే నా ఇజ్జత్ పోతది.

నీ ఆకుకు మార్కులు వేసిన. నూటికి ముప్పై ఐదు. పాస్.

ఉమాపతి